బాలాజీ కాలనీలో ఒక పేటెంట్ కార్యాలయం: ఫ్యూయల్ సెల్ డ్రోన్ కోసం చేయించిన వెతుకులాటపై సమీక్ష

తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో ఇంజనీరింగ్ కళాశాలలకు కొదవ లేదు. ఏటా చివరి సంవత్సరం ప్రాజెక్టుల్లో పనికొచ్చే ఆలోచనలూ కొన్ని పుడుతూనే ఉంటాయి. వాటిని పేటెంటు దాకా తీసుకుపోవాలంటే మాత్రం చెన్నైలో ఎవరినైనా పట్టుకోవలసిందేనన్న అభిప్రాయం మా అధ్యాపకుల్లో గట్టిగా నాటుకొని ఉంది. ఆంధ్రప్రదేశ్ దరఖాస్తులు చెన్నై గిండీలోని పేటెంట్ కార్యాలయం పరిధిలోకి వస్తాయన్నది నిజమే గాని, దరఖాస్తు దాఖలు చేయడం మొదలుకొని పరీక్షకుల అభ్యంతరాలకు జవాబులు పంపడం దాకా అన్నీ ఆన్‌లైన్‌లో నడుస్తూ, విచారణలు సైతం వీడియో ద్వారా జరుగుతున్నప్పుడు, దరఖాస్తుదారు తరఫున ఈ పనులు నడిపే ఏజెంటు ఏ ఊళ్లో కూర్చున్నారన్నది పెద్ద విషయం కాదు. ఆయన గాని ఆమె గాని పాత పేటెంట్లను ఎంత శ్రద్ధగా చదువుతారన్నదే చూసుకోవాలి. ఈ ఉద్దేశంతోనే మా విద్యార్థుల పనిని తిరుపతి బాలాజీ కాలనీలో, జిరాక్సు దుకాణాల వరుసకు పైఅంతస్తులో ఉన్న ఒక చిన్న పేటెంట్ కార్యాలయానికి అప్పగించాము. నిర్వాహకురాలు పరీక్ష రాసి నమోదైన పేటెంట్ ఏజెంటు. ప్రచారం వద్దని ఆమె కోరినందున పేరు ఇక్కడ రాయడం లేదు. కళాశాలల ఆవరణల్లో అడిగితే చోటు ఎవరైనా చెబుతారు.

మేము తీసుకువెళ్లిన ఆలోచన ఏమిటో ముందు చెప్పాలి. దరఖాస్తు దాఖలైంది గనుక ఇప్పుడు చెప్పడానికి అభ్యంతరం లేదు. చిన్న డ్రోనును లిథియం బ్యాటరీతో ఎగరేస్తే అరగంట దాటడం కష్టం. అదే హైడ్రోజన్, ఆక్సిజన్‌ల కలయికతో విద్యుత్తు పుట్టించే ఫ్యూయల్ సెల్‌తో నడిపితే ఎక్కువ సేపు గాలిలో ఉంటుంది. అయితే ఫ్యూయల్ సెల్‌లో ఉండే పలుచని పాలిమర్ పొర తడిగా ఉంటేనే ప్రోటాన్లను తన గుండా పోనిస్తుంది. ఆరిపోతే నిరోధం పెరిగి వోల్టేజి పడిపోతుంది, తడి మితిమీరితే నీటి బొట్లు వాయుమార్గాలకు అడ్డుపడతాయి. మే నెలలో మన రాయలసీమ ఎండకు, ఆ పొడి గాలికి, పొర ఆరిపోవడం చాలా త్వరగా జరుగుతుంది. ఈ తడిని ఒక ఆప్టికల్ ఫైబర్ కొసతో ఎప్పటికప్పుడు కొలిచి, ఆ కొలతను నేరుగా డ్రోన్ ఫ్లైట్ కంట్రోలరుకు అందించి, పైకి లేచే వేగాన్నీ, ఫ్యూయల్ సెల్‌కు తోడుగా ఉండే బ్యాటరీ నుంచి తీసుకునే వాటానూ దానికి తగ్గట్టు మార్చడం మా విద్యార్థుల ఆలోచన. అంటే ఫ్యూయల్ సెల్, విమాన నియంత్రణ, ఆప్టిక్స్ అనే మూడు రంగాలు ఒకే దరఖాస్తులో కలిశాయి. అందువల్ల ఇలాంటిది ఇంతకుముందే ఎవరైనా చేశారా అన్న వెతుకులాట కూడా మూడు రంగాల్లో జరగవలసి వచ్చింది. ఏజెంటుకు ఇది కఠినమైన పరీక్షే.

మొదటి సమావేశంలోనే ఈ కార్యాలయంపై నాకు నమ్మకం కుదిరింది. ఎవరూ ఫీజు మాట ఎత్తకముందే రహస్యాన్ని కాపాడతామన్న ఒప్పందంపై ఇరుపక్షాల సంతకాలు జరిగాయి. ఆ తరువాత ఆమె అడిగిన తొలి ప్రశ్న ప్రాజెక్టు గురించి కాదు, దాన్ని ఇప్పటికే ఎక్కడైనా ప్రదర్శించారా అని. కళాశాల వార్షికోత్సవంలోనో, పోటీలోనో, యూట్యూబులోనో బయటపెట్టిన సంగతి పేటెంటుకు అవసరమైన కొత్తదనాన్ని కోల్పోయే ప్రమాదం ఉంది. చట్టంలో పన్నెండు నెలల మినహాయింపు ఉన్నప్పటికీ అది కొన్ని నిర్దిష్ట సందర్భాలకే వర్తిస్తుంది. ముందు దాఖలు, తరువాతే ప్రదర్శన అన్న క్రమాన్ని పిల్లలకు వివరించడానికి ఆమె లేజరు చరిత్రను ఎత్తుకున్నారు. అమెరికా భౌతిక శాస్త్రవేత్త గోర్డన్ గౌల్డ్ 1957 నవంబరులోనే లేజరు ఊహను నోటుపుస్తకంలో రాసి నోటరీ చేయించారు. కాని పనిచేసే నమూనా తయారైతే తప్ప పేటెంటు అడగకూడదన్న అపోహతో ఆగిపోయి, 1959 ఏప్రిల్‌లో గాని దరఖాస్తు చేయలేదు. ఆలోగా 1958 జూలైలో టౌన్స్, షాలో అనే మరో ఇద్దరు శాస్త్రవేత్తలు దరఖాస్తు చేశారు, 1960లో వారికి పేటెంటు వచ్చింది. గౌల్డ్ తన మొదటి ముఖ్యమైన లేజరు పేటెంటును అందుకునేసరికి 1977 వచ్చింది. నమూనా లేకపోయినా, చదివిన నిపుణుడు తయారు చేయగలిగేంత వివరంగా రాయగలిగితే దరఖాస్తు చేయవచ్చు. అది కూడా వీలు కాకపోతే తాత్కాలిక స్పెసిఫికేషన్, అంటే ఆవిష్కరణ వివరణ పత్రం, దాఖలు చేసి పన్నెండు నెలల్లో పూర్తి స్పెసిఫికేషన్ ఇవ్వవచ్చు. మా విద్యార్థులకు ఈ సంగతి ఏ పాఠ్యపుస్తకంలోనూ తారసపడలేదు.

ఇక నివేదిక. ఈ సమీక్షలో ఎక్కువ భాగం దానికే కేటాయించడం సబబు, ఎందుకంటే మేము డబ్బు పెట్టింది ప్రధానంగా దానికే. చాలామంది ఇచ్చే నివేదికలు గూగుల్ పేటెంట్స్‌లో నాలుగు మాటలు కొట్టి, వచ్చిన సారాంశాలను పట్టికగా అతికించినవే. ఇక్కడ మొదట మా ఆలోచనను విడివిడి అంశాలుగా విడగొట్టారు: పొర తడిని కొలవడం, ఫైబరుతో కొలవడం, ఆ కొలతను గాలి ప్రవాహానికి వాడడం, అదే కొలతను ఎగిరే తీరుకు వాడడం. ఒక్కో అంశానికి అంతర్జాతీయ వర్గీకరణలో సరిపోయే గుర్తులను ఎంచుకున్నారు. ఫ్యూయల్ సెల్‌లకు హెచ్ 01 ఎమ్ 8, అందులోనూ నియంత్రణ ఏర్పాట్లకు ప్రత్యేక ఉపవర్గం. మానవరహిత విమానాలకు బి 64 యు. కాంతితో పదార్థాలను పరిశీలించడానికి జి 01 ఎన్ 21. ఫైబరు వంటి ఆప్టికల్ పరికరాలకు జి 02 బి. మాటలతో వెతికితే దొరకనివి ఈ గుర్తులతో వెతికితే దొరుకుతాయి. డ్రోన్ అనే మాట వాడని పేటెంట్లు లెక్కలేనన్ని ఉన్నాయి. వాటిలో మానవరహిత వాహనం అనో, ఎగిరే వేదిక అనో రాసి ఉంటుంది. యూరోపియన్ పేటెంట్ ఆఫీసు వారి ఎస్పాసినెట్‌ను, ప్రపంచ మేధోసంపత్తి సంస్థ వారి పేటెంట్‌స్కోప్‌ను, మన దేశపు ఇన్‌పాస్‌ను కూడా వెతికి, ఏ రోజు ఏ ప్రశ్నతో వెతికారో అనుబంధంలో ఇచ్చారు. ఈ మూడూ ఉచితమే. ఆ అనుబంధాన్ని చేతపట్టుకొని మా విద్యార్థులు ఇంటి దగ్గర అదే వెతుకులాటను తిరిగి చేసుకోగలిగారు. అధ్యాపకుడిగా నాకు నివేదికలో అన్నిటికన్నా నచ్చిన భాగం ఇదే.

ఫ్యూయల్ సెల్ భాగం ఎంతో లోతుగా ఉంది. 1839లో విలియం గ్రోవ్ హైడ్రోజన్, ఆక్సిజన్‌లతో విద్యుత్తు పుట్టించిన నాటి నుంచి మొదలుపెట్టి, ఫ్రాన్సిస్ థామస్ బేకన్ క్షార ఘటాన్ని (ఘటమంటే సెల్లే) 1959లో 5 కిలోవాట్ల స్థాయికి తీసుకురావడం, ఆయన పేటెంట్లను అమెరికాలో ప్రాట్ అండ్ విట్నీ కంపెనీ తీసుకోవడం, అదే సాంకేతికత అపోలో నౌకలకు విద్యుత్తునూ వ్యోమగాములకు తాగునీటినీ ఇవ్వడం రెండు పేజీల్లో వివరించారు. ఆ తరువాత మాకు అసలు సంబంధించిన పాలిమర్ పొర వంశం మొదలవుతుంది. జనరల్ ఎలక్ట్రిక్‌లో థామస్ గ్రబ్ 1955లో అయాన్ మార్పిడి పొరతో చేసిన ఘటానికి 1959లో పేటెంటు వచ్చింది. ఆయన సహచరుడు నీడ్రాక్ పొర మీద ప్లాటినం పూత పరిచే పద్ధతిని చేర్చారు. ఈ ఘటాలే 1965లో జెమిని 5 నౌకలో అంతరిక్షానికి వెళ్లాయి. పొర తడి సమస్య కూడా ఈ ఘటాలతోపాటే పుట్టి పెరిగిందని, దాన్ని కొలవడం, సరిదిద్దడం మీద దశాబ్దాలుగా దరఖాస్తులు వస్తూనే ఉన్నాయని నివేదిక చూపించింది.

ఇక్కడ ఒక అంకె మా విద్యార్థుల కళ్లు తెరిపించింది. టొయోటా 2015 జనవరిలో తన ఫ్యూయల్ సెల్ పేటెంట్లలో 5,680 పేటెంట్లను రాయల్టీ లేకుండా వాడుకోవచ్చని ప్రకటించింది. వాటిలో ఘటాల దొంతరకు సంబంధించినవి సుమారు 1,970, అధిక పీడన ట్యాంకులవి 290, హైడ్రోజన్ ఉత్పత్తి, సరఫరాలవి 70 కాగా, వ్యవస్థను నడిపే నియంత్రణ సాఫ్ట్‌వేరుకు చెందినవి 3,350. అంటే సగానికి పైగా పేటెంట్లు నియంత్రణ మీదే ఉన్నాయి. రసాయన భాగమంతా పెద్ద కంపెనీలు ఆక్రమించుకొని ఉంటాయని, నియంత్రణ భాగం ఖాళీగా ఉంటుందని మా పిల్లలు అనుకున్నారు. లెక్క దానికి పూర్తి విరుద్ధంగా ఉంది. ఒక విద్యార్థి నివేదిక చదువుతూ, "మేం సొంతంగా ఆలోచించినాం గదా సార్, వాళ్లు ముందే ఎట్లా రాసినారు?" అని నిజంగానే బాధపడ్డాడు. ఏజెంటు అతన్ని కూర్చోబెట్టి రెండు సంగతులు వేరు చేసి చెప్పారు. పేటెంటు హక్కు అది మంజూరైన దేశంలోనే చెల్లుతుంది. జపానులో మాత్రమే ఉన్న పేటెంటు మన దేశంలో ఎవరినీ ఆపలేదు. కాని అందులో రాసి ఉన్న సంగతి మాత్రం ప్రపంచమంతటా పాతదే అవుతుంది; దాన్నే మళ్లీ రాసి ఇక్కడ పేటెంటు అడగడానికి వీల్లేదు. దాఖలు చేసిన తేదీ నుంచి ఇరవై ఏళ్లు నిండిన పేటెంట్లనైతే ఎవరైనా నిస్సంకోచంగా వాడుకోవచ్చు, కనుక పాత పేటెంట్లు దొరకడం ప్రయోగశాలకు లాభమే. మా ప్రోటోటైపులో గాలి మార్గాల అమరికను ఆ విధంగా గడువు తీరిన ఒక పేటెంటులోని బొమ్మ చూసే మార్చుకున్నాము. ఇప్పుడు అది మునుపటి కంటే నిలకడగా పనిచేస్తోంది.

మన ప్రాంతానికి దగ్గరగా ఉన్న సంగతిని కూడా నివేదిక వదల్లేదు. 2024 జనవరి 1న శ్రీహరికోట నుంచి ఎగిరిన పీఎస్ఎల్‌వీ సీ58 వాహకనౌక చివరి దశను వేదికగా చేసుకొని, ఇస్రో 100 వాట్ల శ్రేణి పాలిమర్ పొర ఫ్యూయల్ సెల్‌ను కక్ష్యలో పరీక్షించి, 180 వాట్ల విద్యుత్తు పుట్టించింది. అధిక పీడన పాత్రల్లో నింపిన హైడ్రోజన్, ఆక్సిజన్‌లే అందుకు ఇంధనం. శ్రీహరికోట ఇప్పుడు తిరుపతి జిల్లాలోనే ఉంది. మా పిల్లలకు ఆ పేరా చదివాక కలిగిన ఉత్సాహం నేను కళ్లారా చూశాను. అయితే కక్ష్యలో వెంట తీసుకువెళ్లిన ఆక్సిజన్‌తో నడిచే ఘటానికీ, డ్రోన్ మీద బయటి గాలి పీల్చే ఘటానికీ తడి సమస్య ఒకేలా ఉండదని, అందువల్ల ఈ ప్రయోగం మా దరఖాస్తుకు అడ్డు కాదని నివేదిక స్పష్టంగా రాసింది. ఏది అడ్డు అవుతుందో చెప్పడం ఎంత అవసరమో, ఏది కాదో చెప్పడమూ అంతే అవసరం.

విమాన నియంత్రణ భాగంలో ఆమె రాసిన వ్యాఖ్యానాన్ని ప్రతి ఏరోనాటికల్ విభాగంలోనూ చదివించాలని నా కోరిక. రైట్ సోదరులు 1903 మార్చిలో తమ దరఖాస్తును స్వయంగా రాసుకొని పంపితే పేటెంట్ ఆఫీసు తిరస్కరించింది. 1904లో వారు హ్యారీ టుల్మిన్ అనే న్యాయవాదిని కుదుర్చుకున్నారు. ఆ తరువాత 1906 మే 22న 8,21,393 సంఖ్యతో పేటెంటు మంజూరైంది. విశేషమేమిటంటే ఆ పేటెంటులో ఇంజను లేదు. బొమ్మలో ఉన్నది గ్లైడరు. ఎగిరే యంత్రాన్ని అదుపు చేయడం, రెక్కల కొసలను వేర్వేరు కోణాలకు తిప్పి పక్కలకు ఒరగకుండా నిలబెట్టడం, దానికి తోడుగా వెనుక చుక్కానిని కదపడం, ఇవే అందులో అడిగిన హక్కులు. రెక్కను మెలితిప్పే పద్ధతిని బొమ్మలో చూపినా, క్లెయిములో, అంటే ఏ హక్కు కోరుతున్నారో చెప్పే వాక్యంలో, మాత్రం రెక్క పక్క అంచులు తమ మామూలు తలానికి పైకో కిందికో కదలడం అని విశాలంగా రాశారు. అందువల్లనే విమాన తయారీదారు గ్లెన్ కర్టిస్ మెలితిప్పడం మానేసి, ఐలరాన్లు అనే విడిగా కదిలే పలకలు వాడినా, 1909లో మొదలైన వ్యాజ్యం 1914లో అప్పీలు కోర్టులో రైట్‌ల పక్షానే తేలింది. ఐలరాను వంటి ఏర్పాటుకు బ్రిటన్‌లో మాథ్యూ బౌల్టన్ 1868లోనే పేటెంటు తీసుకొని ఉన్నారన్నది మరో సంగతి. ఆ తగాదాలన్నీ 1917లో, యుద్ధ సమయంలో, అమెరికా తయారీదారులందరూ పేటెంట్లను ఉమ్మడిగా పంచుకునే ఏర్పాటుతో గాని చల్లారలేదు.

ఈ కథ నివేదికలో అలంకారం కోసం పెట్టింది కాదు. బొమ్మలు చూసి ఇది మనది కాదులే అనుకోవడం, సారాంశం చదివి ఇది మనదే అని దిగులు పడడం, రెండూ తప్పేనని చెప్పడానికి పెట్టింది. హక్కు ఎంతవరకో క్లెయిములు చెబుతాయి. పొలానికి పాసుపుస్తకంలో రాసిన హద్దులు ఎలాంటివో పేటెంటుకు క్లెయిములు అలాంటివి. చెట్టూ చేమా చూసి హద్దు నిర్ణయించలేము. ఈ కార్యాలయం మాకు దగ్గరగా ఉన్న ప్రతి పేటెంటులోనూ మొదటి స్వతంత్ర క్లెయిమును, అంటే మరో క్లెయిము మీద ఆధారపడనిదాన్ని, పూర్తిగా తీసుకొని, పక్కన మా అంశాలను పెట్టి, ఏది కలుస్తుందో ఏది కలవదో వరుసగా రాసింది. డ్రోన్‌లో ఫ్యూయల్ సెల్‌నూ బ్యాటరీనీ జతచేసి భారాన్ని పంచడం పాతదే. బ్యాటరీ నిల్వ తగ్గితే పైకి లేచే వేగాన్ని తగ్గించడమూ పాతదే. పొర తడి కొలతనే ఎగిరే తీరుకు పరిమితిగా పెట్టడం దగ్గర మాత్రం కొంత చోటు మిగిలింది. ఆ మిగిలిన చోటు చిన్నదని ఆమె దాచకుండా చెప్పారు.

ఇందులోనే చట్టపరమైన మరో మెలిక ఉంది. మన పేటెంట్ చట్టం 1970లోని సెక్షన్ 3(కె) ప్రకారం గణిత పద్ధతికి, వ్యాపార పద్ధతికి, కేవలం కంప్యూటర్ ప్రోగ్రాముకు, అల్గారిథమ్‌కు పేటెంటు ఇవ్వరు. మా విద్యార్థులు తెచ్చిన రాతప్రతిలో తొంభై పాళ్లు అల్గారిథమే. దాన్ని ఆమె కొట్టేయలేదు. సెన్సారును ఘటంలో గాలి బయటికి పోయే దారి దగ్గర ఎక్కడ అమర్చారు, కాంతి మూలం ఏది, సంకేతం ఏ తీగ ద్వారా ఏ భాగానికి చేరుతుంది, దాని వల్ల మోటారులో ఏమి మారుతుంది అన్నవి తిరగేసి మరగేసి అడిగి, యంత్రాన్ని ముందు నిలబెట్టి అల్గారిథమ్‌ను దాని నడకగా వెనుక పెట్టి మొత్తం తిరగరాయించారు. పిల్లలకు ఇది విసుగు పుట్టించినా, తమ పరికరంలో ఏ భాగం ఎందుకుందో వారికే స్పష్టంగా తెలిసివచ్చింది.

ఆప్టికల్ భాగం మూడింటిలో బలహీనమైనది. చరిత్ర వరకు బాగానే ఉంది. 1970లో కార్నింగ్ కంపెనీలో మౌరర్, కెక్, షుల్ట్‌జ్ కిలోమీటరుకు 20 డెసిబెళ్ల కంటే తక్కువ నష్టంతో కాంతిని మోసే గాజు పోగును తీయడం, దాని పేటెంట్లు 1972, 1973లలో రావడం, ఆ తరువాత జపాను కంపెనీ సుమిటోమోతో నడిచిన వ్యాజ్యం అన్నీ ఉన్నాయి. ఆ వ్యాజ్యం క్లెయిములను ఎలా చదవాలో మళ్లీ నేర్పుతుంది. కార్నింగ్ పేటెంటు పోగు నడిమి భాగంలో పదార్థం కలిపి, కాంతి ఎంత వంగుతుందో చెప్పే వక్రీభవన గుణకాన్ని పెంచడం గురించి చెప్పింది. సుమిటోమో దానికి బదులు చుట్టూ ఉన్న పొరలో ఫ్లోరిన్ కలిపి గుణకాన్ని తగ్గించింది. రెండు దారుల్లోనూ కాంతి లోపలే నిలిచిపోవడానికి కావలసిన తేడా ఒకటే గనుక, అక్షరాలా క్లెయిములో లేకపోయినా అది సమానమైన పనేనని అమెరికా కోర్టులు తేల్చాయి. 1989లో అప్పీలు కోర్టు దాన్ని ఖాయం చేసింది.

మాకు కావలసిన చోట మాత్రం, అంటే తడిని కొలిచే ఫైబర్ సెన్సార్ల విషయంలో, వెతుకులాట పైపైనే సాగింది. బ్రాగ్ గ్రేటింగ్ (ఒక ప్రత్యేక తరంగదైర్ఘ్యపు కాంతినే వెనక్కి పంపే ఏర్పాటు) ఉన్న పోగు మీద పూసిన పాలిఇమైడ్ పూత తడికి ఉబ్బి, పోగు వెనక్కి పంపే కాంతి తరంగదైర్ఘ్యం మారుతుందన్నది ఈ రంగంలో అందరికీ తెలిసిన సంగతి. ఆ పద్ధతికి చెందిన పరిశోధన పత్రాలను నివేదికలో చేర్చనే లేదు. కొత్తదనాన్ని దెబ్బతీసేవి పేటెంట్లు మాత్రమే కావు, జర్నల్ వ్యాసాలూ సిద్ధాంత గ్రంథాలూ కూడా అంతే బలంగా దెబ్బతీస్తాయి కాబట్టి ఇది చిన్న లోపం కాదు. అడిగితే మరో వారంలో అనుబంధ నివేదిక అదనపు రుసుము లేకుండా ఇచ్చారు గాని, అడగకపోతే వచ్చేది కాదు. చైనా, జపాను, కొరియా పత్రాలకు యంత్రానువాదం మీదే ఆధారపడడం మరో లోపం. ఫ్యూయల్ సెల్ రంగంలో ఆ దేశాల పత్రాలే అధికం. క్లెయిములో ఒక్క మాట అటూ ఇటూ అయితే అర్థం మారిపోతుంది. కీలకమైన ఒకటి రెండు పత్రాలనైనా భాష తెలిసిన వారితో చదివించి ఉండవలసింది.

ఖర్చు విషయం చాలామంది అడుగుతారు. వెతుకులాట నివేదికకు మా దగ్గర ₹12,000 తీసుకున్నారు. స్పెసిఫికేషన్ రాయడానికి వేరుగా లెక్క కట్టారు. ప్రభుత్వ రుసుము వీటికి అదనం. వ్యక్తులకు, అంకుర సంస్థలకు, చిన్న సంస్థలకు, విద్యాసంస్థలకు ఆన్‌లైన్ దాఖలు రుసుము ₹1,600, దరఖాస్తును పరీక్షించమని కోరే ఫారం 18కి ₹4,000. విద్యాసంస్థలకు ఈ రాయితీ 2021 నుంచి వర్తిస్తోంది. స్పెసిఫికేషన్ 30 పేజీలు దాటితే పేజీకి ₹160, క్లెయిములు పది దాటితే ఒక్కొక్క దానికి ₹320 చొప్పున పెరుగుతుంది. మా రాతప్రతిలో క్లెయిములు పది దాటి ఉంటే, అవసరం లేనివాటిని తీసివేయించి, డబ్బు మిగిల్చారు. ప్రతి ప్రభుత్వ రుసుముకూ రసీదు మా చేతికి అందింది.

ఈ పారదర్శకత విలువ తెలియాలంటే కళాశాలల చుట్టూ తిరిగే దళారుల తీరు చూడాలి. ఊరూ పేరూ తెలియని ఒక సంస్థ ప్రతినిధి మా దగ్గరికి కూడా వచ్చి, నెలలో పేటెంటు ఇప్పిస్తామని, ఆవిష్కర్తల జాబితాలో ఎన్ని పేర్లయినా చేరుస్తామని చెప్పి వెళ్లాడు. నెలలో జరగగలిగేది ప్రచురణ మాత్రమే. మామూలుగా దరఖాస్తు పద్దెనిమిది నెలలకు ప్రచురితమవుతుంది, ఫారం 9 పెట్టి రుసుము కడితే ముందే వస్తుంది. శుక్రవారం వెలువడే పేటెంట్ జర్నల్‌లో పేరు కనిపించినంత మాత్రాన ఎవరూ దాన్ని పరీక్షించలేదు, ఏ హక్కూ మంజూరు కాలేదు. పదోన్నతుల లెక్కల కోసం, గుర్తింపు సంఘాల మార్కుల కోసం ప్రచురణ కాగితాన్నే పేటెంటుగా చూపించే అలవాటు మన విద్యావ్యవస్థను లోపలినుంచి తినేస్తోంది. అలా డబ్బు పోసి కొన్న కాగితాల్లో విద్యార్థి చెమట ఉండదు, చదివే పరీక్షకుడికి పనికొచ్చే వాక్యమూ ఉండదు. బాలాజీ కాలనీ కార్యాలయం ఈ విషయంలో ఖచ్చితంగా ఉంది. మర్యాద కోసం పెద్దల పేర్లు కొన్ని చేర్చమని మా వైపు నుంచి మాట వెళ్లినప్పుడు, "క్లెయిముల్లో ఏ ఒక్కదానికైనా వారి ఆలోచన తోడైందని చూపించండి సార్, అప్పుడు తప్పకుండా రాస్తాను" అని మర్యాదగానే తోసిపుచ్చారు. ఆవిష్కర్తలుగా నలుగురు విద్యార్థుల పేర్లే వెళ్లాయి, దరఖాస్తుదారు కళాశాల.

స్పెసిఫికేషన్ రాత నాణ్యంగా ఉంది, కాని ఆలస్యంగా వచ్చింది. ఒప్పుకున్న గడువు దాటిన తరువాత ఫోను చేస్తే గాని పరిస్థితి తెలిసేది కాదు. బొమ్మలు గీసే మనిషి వేరే ఊళ్లో ఉండడం వల్ల ప్రతి చిన్న దిద్దుబాటుకూ రోజులు పట్టాయి. ఘటం అడ్డకోత బొమ్మలో ఫైబర్ కొసను గాలి లోపలికి వచ్చే వైపు చూపించారు. రాతలో ఉన్నది బయటికి పోయే వైపు. దాన్ని పట్టుకున్నది మా విద్యార్థిని. బొమ్మకూ రాతకూ పొంతన లేకపోతే తరువాత అభ్యంతరం తప్పదు, దాఖలు చేసిన తరువాత కొత్త సంగతి చేర్చడానికి చట్టం ఒప్పుకోదు. అందువల్ల వీరి దగ్గరికి వెళ్లేవారు తుదిప్రతిని సంఖ్య సంఖ్యకూ బొమ్మతో సరిచూసుకోవాలి. తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన పిల్లలకు నివేదిక సారాన్ని తెలుగులో రెండు పేజీలు రాసి ఇమ్మని కోరాను. నోటితో ఎంతో చక్కగా చెప్పారు గాని రాసి ఇవ్వలేదు. ఆమె చెప్పినంత తేటగా రాసి ఇస్తే అది ఈ జిల్లా విద్యార్థులకు ఎంతగానో ఉపయోగపడుతుంది.

ఒకే రంగానికి చెందిన యాంత్రిక, విద్యుత్ ఆవిష్కరణలైతే ఈ కార్యాలయాన్ని నేను నిస్సంకోచంగా సూచిస్తాను. కాంతి సెన్సార్లు, రసాయన పదార్థాలు ముడిపడి ఉంటే పరిశోధన పత్రాల వెతుకులాట కూడా కావాలని మొదటి రోజే రాతపూర్వకంగా అడగండి. వెళ్లేటప్పుడు ప్రయోగాల నోటుపుస్తకం, తేదీలతో సహా తీసుకువెళ్లండి. పవర్‌పాయింట్ చూపిస్తే ఆమె పక్కన పెట్టించి నోటుపుస్తకమే అడుగుతారు. ఆలోచన ఎవరిదో వారినే పంపండి, అధ్యాపకుడు ఒక్కడే వెళ్తే సగం ప్రశ్నలకు జవాబు దొరకదు. మా దరఖాస్తు ప్రచురణకు ఎదురుచూస్తోంది. 2024 నిబంధనల ప్రకారం ముప్పై ఒక్క నెలల్లోగా పరీక్ష కోరితే సరిపోతుంది గాని, ఆగడం ఎందుకని ఫారం 18 కూడా ఇప్పటికే పెట్టించాము. పరీక్షకుల తొలి అభ్యంతరాలకు జవాబు రాయడం కూడా వీరికే అప్పగించాలని విద్యార్థులు కోరుతున్నారు, కళాశాల అంగీకరించింది.